హాలుకి హంగులొచ్చాయి, ఎర్తింగ్ రాలేదు

సంపాదకులు గారికి,

పద్దెనిమిదేళ్లుగా మా పట్టణంలో ఓ చిన్న సంగీత సభ హాల్లో మైకులు చూసుకుంటున్నాను. మైకులని పేరే గానీ తివాచీ పరవడం, మృదంగం ఎడమ వైపు అద్దుకోవడానికి రవ్వ తడిపి ఇవ్వడం, అందరూ వెళ్లాక తాళాలు వేయడం, అన్నీ నేనూ నాతో పనిచేసే ఇంకొకరూ, మేమిద్దరమే. జీతం పెంచమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

కిందటేడు ప్రజల డబ్బుతో హాలు బాగుచేశారు. కుర్చీలు, ఏసీ, గోడలకి నున్నటి టైల్స్ (ఇప్పుడు చప్పట్లు కొడితే తిరిగి మనకే వినిపిస్తున్నాయి), స్టేజీ మీద రంగుల లైట్లు. స్టేజీకి ఎర్తింగ్ (దారితప్పిన కరెంటుని భూమిలోకి పంపే ఏర్పాటు) మాత్రం సరిగా లేదు. లైట్లకీ సౌండుకీ ఒకటే లైను. లైట్ల వెలుగు తగ్గించే డిమ్మరు తిప్పితే చాలు, స్పీకర్లలో హమ్ అనే మోత మొదలవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకి 50 సార్లు ఊగుతుంది) కాబట్టి ఆ మోత దాని రెట్లయిన 100, 200 హెర్ట్జ్ దగ్గర కూడా పలుకుతుంది. శ్రుతి అంటే పాటకి ఆధారంగా పట్టుకునే స్వరం; ఆడవాళ్లు ఎక్కువగా పాడే ఐదు, ఐదున్నర శ్రుతుల మధ్యలో పడుతుంది ఆ 200. తంబూర పక్కనే శ్రుతి కలవని ఇంకో తంబూర మోగుతున్నట్టు ఉంటుంది.

మొన్న త్యాగరాజ ఆరాధనకి పాడటానికొచ్చిన అమ్మాయి కల్యాణి ఆలాపన మొదలుపెట్టి, షడ్జం (స) దగ్గర ఆగి, కళ్లు తెరిచి నావైపు చూసింది. శ్రుతిపెట్టె సౌండు పెంచుకుని మళ్లీ అందుకుంది. రంగుల లైట్లన్నీ ఆపేసి ట్యూబులైట్ల వెలుతురులోనే కచేరీ నడిపించాను. "లైట్లు కూడా సరిగ్గా వేయలేరా?" అని ముందు వరసలో పెద్దాయన కోప్పడ్డారు. ఆయన తప్పేం లేదు, ఆయనకి తెలియదు కదా.

శ్రుతి సంగతి అటుంచండి. అప్పుడప్పుడు మైకు జాలీ పెదవికి తగిలితే చురుక్కుమంటోంది. అది ప్రాణాల మీదికొచ్చే విషయం. గొయ్యి తవ్వి, రాగి పలక దింపి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ ఇవ్వడానికి, సౌండుకి వేరే లైను లాగడానికి ఆ కుర్చీల ఖర్చు ముందు ఎంతవుతుంది? పని మొదలుపెట్టేముందు తెర వెనక ఉండేవాళ్లని ఒక్క మాట అడిగినా చెప్పేవాళ్లం. ఆడవాళ్లు చీర మార్చుకోవడానికి గది లేదని కూడా చెప్పేవాళ్లం, ఇప్పటికీ ఇద్దరు దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడుతున్నారు.

శ్రీరామనవమి కచేరీలు దగ్గర పడుతున్నాయి. తొమ్మిది రోజులూ చిన్నపిల్లలు కూడా పాడతారు. సంబంధిత అధికారులు ఈలోగా కనీసం ఎర్తింగ్ ఒక్కటైనా చేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

- ఒక మైక్ ఆపరేటర్, పశ్చిమ గోదావరి జిల్లా