గ్లాస్ క్లాత్ అడిగితే మ్యాట్ పంపారు, సొమ్ము వాపసు ఇవ్వండి

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ఎపాక్సీకి (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుకు) సరిపోయే గ్లాస్ క్లాత్ (నేసిన గాజు గుడ్డ) బదులు చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ (తుంపుల గాజు దారాల పరుపు) పంపడం, వాపసు తీసుకోవడానికి నిరాకరించడం గురించి.

అయ్యా,

నేను దేవరకొండలో ఫర్నిచర్ పని చేసే వడ్రంగిని. మా మేనమామ నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో చేపలు పడతాడు. ఇన్నాళ్లూ పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) మీదే నెట్టుకొచ్చాడు. ఎదురుగాలి కొడితే పుట్టి గిరగిరా తిరుగుతుంది గానీ ముందుకు పోదు. వయసు మీద పడ్డాక ఆ తెడ్డు పని ఆయన వల్ల కావడం లేదు. అందుకే ఆయన కోసం 14 అడుగుల చదును అడుగు పడవ ఇంటి దగ్గరే కడుతున్నాను. ఐఎస్ 710 మార్కున్న, నీటికి ఓర్చే 6 ఎంఎం మెరైన్ ప్లైవుడ్ కోసి, పలకలను రాగి తీగతో కుట్టి, మూలల్లో ఎపాక్సీ ముద్ద నింపి, ఆ పైన గ్లాస్ క్లాత్ వేసే పద్ధతి ఇది.

మీ వెబ్‌సైట్‌లో "200 జీఎస్ఎం ప్లెయిన్ వీవ్ ఈ-గ్లాస్ క్లాత్, ఎపాక్సీకి అనుకూలం" అని రాసి ఉంటే చూసి 20 మీటర్లు ఆర్డర్ పెట్టాను. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో, ప్లెయిన్ వీవ్ అంటే మామూలు అడ్డం నిలువు నేత. మూలల కోసం 6 అంగుళాల బయాక్సియల్ (ఏటవాలు దారాల) టేపు కూడా అడిగాను. పార్సిల్ విప్పితే నేసిన గుడ్డ లేదు. తుంపులు తుంపులుగా కోసిన గాజు దారాలను జిగురుతో అంటించిన 450 జీఎస్ఎం మ్యాట్ రోల్ ఉంది. టేపు కూడా మామూలు నేత టేపే. రోల్ మీది చీటీలో "ఫైబర్ మ్యాటీరియల్" అన్న మాట, బరువు తప్ప ఇంకేమీ లేదు. ఏ నేత, ఏ రెజిన్‌కు (పోస్తే గట్టిపడే జిగురు ద్రవానికి), ఏ బైండర్, ఒక్కటీ రాయలేదు.

ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్‌లో మాట్లాడినాయన చెప్పిన జవాబు ఇదీ: "సార్, మీరు 200 అడిగారు, మేం అదే రేటుకు 450 ఇచ్చాం, రెట్టింపు కంటే ఎక్కువ బలం, మీకే లాభం." ఆ మాట విన్నాక కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువైంది. ఈ సరుకు అమ్మేవాళ్లకే దీని సంగతి తెలియకపోతే ఎట్లా? అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మ్యాట్‌లో దారాలను పట్టి ఉంచేది బైండర్. మీరు పంపిన రకంలో అది స్టైరీన్ అనే ద్రవంలో కరగడానికే తయారైంది. పాలిస్టర్ అనే ఇంకో రకం రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది కాబట్టి బైండర్ కరిగి, మ్యాట్ మెత్తబడి, అచ్చు ఎట్లా ఉంటే అట్లా ఒదుగుతుంది. నీళ్ల ట్యాంకులు, కూలర్ బాడీలు చేసేవాళ్లు దాన్ని వాడేది అందుకే. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. బైండర్ కరగదు. నేను పడవ జోలికి పోకుండా ముందు ప్లైవుడ్ ముక్కల మీద పరీక్షించాను. ఒక ముక్క మీద పాలిస్టర్ పోస్తే మ్యాట్ వెంటనే మెత్తబడి పరుచుకుంది. ఎపాక్సీ పోసిన చోట అప్పడంలా బిర్రుగానే ఉండిపోయింది, మూల వంపు దగ్గర పైకి లేచింది. గట్టిపడ్డాక ఉలి మొన పెట్టి లేపితే పొరగా ఊడి వచ్చింది, కింద తడవని తెల్లటి దారాలు కనిపించాయి. బాగా తడిసిన గాజు పారదర్శకంగా మారి కింది కర్ర కనిపించాలి. తెల్లగా ఉందంటే అక్కడ రెజిన్ లేదు, గాలి ఉంది. ఫొటోలు జతచేశాను.

ఇక "రెట్టింపు బలం" లెక్క. చేత్తో పరిచినప్పుడు మ్యాట్ తన బరువుకు రెండు, రెండున్నర రెట్లు రెజిన్ తాగుతుంది. అంటే చదరపు మీటరుకు దాదాపు కిలో. నేసిన 200 గుడ్డకు దాని బరువంత, చేయి కాస్త బరువైతే ఇంకొంచెం, అంతే. బలం ఇచ్చేది గాజు దారం. అదనంగా తాగిన రెజిన్ ఇచ్చేది బరువు, బిల్లు. ఈ పడవను మా మామ ఒక్కడే ఒడ్డుకు లాక్కోవాలి. ఎపాక్సీ ధర మీకు నేను చెప్పక్కర్లేదు, అమ్మేది మీరే.

మా దగ్గరి ఎండ సంగతి కూడా చెప్పాలి. నల్గొండ జిల్లాలో ఎండాకాలం 44 డిగ్రీలు కొత్త కాదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే కలిపిన ఎపాక్సీ గట్టిపడకుండా చేతిలో నిలిచే సమయం సుమారు సగానికి పడిపోతుంది. గుడ్డ చప్పున తడిస్తేనే పని అవుతుంది. తడవని మ్యాట్‌ను రోలర్‌తో రుద్దుతూ కూర్చుంటే కప్పులో మిగిలింది పొగలు కక్కి రాయి అవుతుంది.

తర్వాత మీ టెక్నికల్ విభాగం నుంచి ఒకాయన "అయితే పాలిస్టరే వాడేయండి" అన్నారు. ప్లైవుడ్ మీద పాలిస్టర్ పట్టు తక్కువ. నీళ్లలో నానుతూ, ఎండలో ఆరుతూ ఉంటే కొన్నాళ్లకు పొర లేస్తుంది, సందులో నీళ్లు నిలిచి కర్ర కుళ్లుతుంది. గుడ్డ తప్పు పంపారని నేను రెజిన్ మార్చుకోవాలా?

టేపు విషయం చిన్నదిగా కనిపిస్తుంది, కాదు. అడుగు పలక, పక్క పలక కలిసే మూల మీద మామూలు నేత టేపు వేస్తే సగం దారాలు అతుకు వెంబడే నిలువుగా పోతాయి. రెండు పలకలను పట్టి ఉంచడంలో వాటికి పాత్ర లేదు. బయాక్సియల్‌లో దారాలు 45 డిగ్రీల ఏటవాలుగా ఉండి అన్నీ అతుకును దాటుతాయి. పైగా వాటిని దారంతో కుడతారు గానీ జిగురుతో అంటించరు, కాబట్టి ఎపాక్సీతో ఇబ్బంది లేదు.

మీ టెక్నికల్ విభాగం ఆయనే ఇంకో సలహా కూడా ఇచ్చారు, డబ్బు కలిపితే కార్బన్ క్లాత్ పంపిస్తామని. సాగర్‌లో నీరు దిగిపోయాక ఒడ్డంతా రాళ్లు, మొద్దులు. అక్కడ పడవ అడుగుకు కావాల్సింది రాపిడిని, దెబ్బను ఓర్చుకునే గుణం. కార్బన్ గట్టిదే గానీ దెబ్బకు పెళుసు. 6 ఎంఎం ప్లై మీద ఒక పలుచటి పొరగా వేస్తే దాని ధరకు తగ్గ ప్రయోజనం ఏమీ ఉండదు. అది రేసు పడవల వాళ్లకు అమ్ముకోండి.

నేను అడిగేది ఇదీ. మ్యాట్, టేపు వాపసు తీసుకుని బిల్లు మొత్తం రూ. 6,840 తిరిగి ఇవ్వాలి. రవాణా ఖర్చు మీదే. పరీక్షకు వాడిన ఎపాక్సీ ఖరీదు అడగడం లేదు. లేదంటే పేజీలో రాసిన గుడ్డనే, దారాలకు ఎపాక్సీకి తగిన పూత ఉన్నదని తయారీదారు డేటాషీట్‌తో సహా, పది రోజుల్లో పంపండి. గుడ్డను మడతపెట్టి కాదు, గొట్టానికి చుట్టి పంపండి. మడతపెట్టిన చోట దారాలు నలుగుతాయి, ఎంత రుద్దినా ఆ గీత పోదు. మీ వెబ్‌సైట్‌లో మ్యాట్ పేజీ మీద "ఎపాక్సీకి పనికిరాదు" అని స్పష్టంగా రాయండి.

"కోసిన సరుకు వాపసు తీసుకోం" అని మీ మెయిల్‌లో రాశారు. ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వాపసు తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. మీ నుంచి కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయిస్తాను, ఆపైన నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొనుగోలుదారు నివసించే జిల్లాలోనే కేసు వేసుకునే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు.

పరీక్షకు కత్తిరించిన కొద్ది ముక్క తప్ప రోల్ అంతా మీ ప్లాస్టిక్ కవరులోనే, తేమ తగలకుండా ఉంచాను. టేపు విప్పనేలేదు. కొరియర్ మనిషిని పంపేటప్పుడు ముందు రోజు ఫోన్ చేయమనండి, షాపులో ఉంటాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
దేవరకొండ, నల్గొండ జిల్లా.

జతపరిచినవి: బిల్లు, ఆర్డర్ పేజీ స్క్రీన్‌షాట్, పరీక్ష ముక్కల ఫొటోలు, మీ మెయిల్ ప్రతి.