చెవిలోకి చూడకుండానే చుక్కల మందా?

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం మొదలైందంటే మా మండలంలో మెడికల్ షాపుల్లో చెవి చుక్కల సీసాలు బాగా అమ్ముడవుతాయి. బావుల్లో, చెరువుల్లో ఈదులాడే పిల్లలకు చెవిపోటు, జలుబు ముదిరి చెవి కారే పెద్దవాళ్ళు, పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో గులిమి తీసుకుని లోపల గీరుకుపోయినవాళ్ళు, అందరూ వెళ్ళి నిలబడేది ఆ కౌంటరు ముందే. "చెవి నొప్పి" అనగానే ఒక సీసా చేతిలో పడుతుంది. లోపల ఏముందో చూసే పనే లేదు. నేను రాస్తున్నది దీని గురించే.

పోయిన ఏడాది మా అమ్మకు కుడి చెవి కారడం మొదలైంది. దుకాణంలో అబ్బాయి "రోజుకు మూడుసార్లు నాలుగేసి చుక్కలు వేసుకో పెద్దమ్మా, తగ్గిపోద్ది" అని సీసా ఇచ్చాడు. అమ్మ దాన్ని జాగ్రత్తగా ఫ్రిజ్‌లో పెట్టింది, మందులు చల్లగా ఉంటే చెడిపోవని ఆమె నమ్మకం. వేసుకున్న ప్రతిసారీ ఇల్లంతా గిర్రున తిరిగినట్టయి మంచం కోడు పట్టుకునేది. గొంతులోకి చేదు దిగుతోందని కూడా చెప్పింది, మేం నవ్వి ఊరుకున్నాం. చెవిలో మందు వేస్తే నోట్లో చేదేంటి? ఎనిమిదో రోజున చెవిలో హోరు మొదలయ్యాక గానీ జిల్లా కేంద్రానికి తీసుకెళ్ళలేదు. అక్కడ డాక్టరు లైటు పెట్టి చూసి, కర్ణభేరికి రంధ్రం ఉందన్నారు. మందు ఆ రంధ్రంలోంచి మధ్య చెవిలోకి, అక్కడి నుంచి గొంతు వెనక్కి జారుతోంది. చేదు సంగతి చెప్పినప్పుడే మేం సీసా పక్కన పెట్టి ఉండాల్సింది.

అమ్మ వాడిన సీసాలో ఉన్నది జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్. అది, నియోమైసిన్ లాంటివి కర్ణభేరి బాగున్నవాళ్ళకు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. రంధ్రం ఉంటే మాత్రం లోపలి చెవిదాకా చేరి, వినికిడినీ, ఒంటి బ్యాలెన్సునూ చూసే సున్నితమైన కణాలను దెబ్బతీసే ప్రమాదం ఉంది. అవి ఒకసారి పోతే తిరిగి పుట్టవు. రంధ్రం ఉన్నా వాడదగ్గ సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ చుక్కలు అదే దుకాణంలో, అదే అరలో ఉంటాయి. రెంటిలో ఏది ఇవ్వాలో తెలియాలంటే ముందు చెవిలోకి చూడాలి కదా. గులిమి మెత్తబడడానికి వేసే చుక్కలూ అంతే, కర్ణభేరి చిల్లిపడినవాళ్ళు వాటి జోలికి పోకూడదు. బాగున్నవాళ్ళకు కూడా అవి వేశాక గులిమి ఉబ్బి ఒకటి రెండు రోజులు చెవి ఇంకా మూసుకుపోయినట్టు ఉండొచ్చు, దానికి హడావుడి పడక్కర్లేదు.

తల తిరగడానికి సగం కారణం మా ఫ్రిజ్ అని కూడా తేలింది. చల్లటి చుక్క పడితే లోపల బ్యాలెన్సు చూసే భాగం తికమకపడుతుందట. అందుకని సీసాను రెండు మూడు నిమిషాలు అరచేతుల మధ్య పెట్టుకుంటే చాలు, వేడినీళ్ళలో మరిగించడం లాంటివి వద్దు. పక్కకు తిరిగి పడుకుని, పెద్దవాళ్ళకైతే చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి, మూడేళ్ళలోపు పిల్లలకైతే తమ్మెను కిందికీ వెనక్కీ లాగి చుక్కలు వేయాలి. చెవి రంధ్రం ముందున్న చిన్న బుడిపెను మెల్లగా నాలుగుసార్లు నొక్కి, ఐదు నిమిషాలు అలాగే ఉండాలి. సీసా మూతి చెవికి తగలనివ్వకూడదు. అప్పటికీ కళ్ళు తిరిగితే పడుకునే ఉండాలి, ముసలివాళ్ళు ఒంటరిగా లేచి పడితే తుంటి ఎముక మీదికి వస్తుంది. వేసిన కాసేపు కొంచెం మంట, దురద మామూలే.

మామూలు కానివి వేరే ఉన్నాయి. నియోమైసిన్ కొందరికి పడదు. చెవి డొప్ప ఎర్రబడి, వాచి, నీరు కారుతుంది. జబ్బు ముదిరిందనుకుని ఇంకో రెండు చుక్కలు ఎక్కువ వేస్తారు, అది ఇంకా రేగుతుంది. అలాగే యాంటీబయాటిక్ చుక్కలను డాక్టరు చెప్పిన రోజులు దాటి వాడుతూ పోతే చెవిలో బూజు పడుతుంది. లోపల తెల్లగా, మధ్యమధ్య నల్ల చుక్కలతో తడిసిన న్యూస్‌పేపర్ ముక్కలా కనిపిస్తుందని డాక్టర్లు చెప్తారు (మీరు ఏమీ అనుకోకండి!). దానికి మందే వేరు. నొప్పి పెరిగినా, కొత్తగా హోరు వచ్చినా, వినికిడి తగ్గినా, తల తిరగడం ఆగకపోయినా మందు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

దుకాణదారుణ్ణి ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. ఈఎన్‌టీ డాక్టరు నలభై కిలోమీటర్ల దూరంలో, వెళ్తే ఒకరోజు కూలి పోతుంది, ఆ పిల్లాడు ఇవ్వకపోతే మా వాళ్ళు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తారు. కారే చెవిలో అది ఇంకా చేటు. అయితే ఈ యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదన్నది కొత్త రూలేం కాదు. లేబుల్ మీద ఆ సంగతి చెప్పే ఎర్ర గీత కూడా ఉంటుంది, దాని అర్థం మా ఊళ్ళో ఎంతమందికి తెలుసు? మిగతాదంతా చీమ తలకాయంత ఇంగ్లీషు. "కర్ణభేరికి రంధ్రం ఉంటే వాడొద్దు", "మూత తీసిన నెలకు పారేయండి" అన్న రెండు ముక్కలు డబ్బా మీద తెలుగులో అచ్చేయడానికి ఏం అడ్డం? ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెవిలోకి చూసే ఓటోస్కోపు ఒకటి పెట్టి, దాన్ని వాడడం అక్కడి సిబ్బందికి నేర్పిస్తే సగం మంది జిల్లా కేంద్రానికి పోయే పని తప్పుతుంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు కూడా తనిఖీకి వచ్చినప్పుడు దగ్గు సిరప్‌లతో పాటు ఈ అర కూడా ఓసారి చూస్తే బాగుంటుంది.

మందు మార్చాక అమ్మకు కారడం తగ్గింది. హోరు మాత్రం రాత్రిపూట ఇంకా ఉందంటుంది, ఆ చెవి వైపు నుంచి పిలిస్తే రెండోసారి పిలవాల్సి వస్తోంది. జబ్బు వల్లో మందు వల్లో ఇప్పుడు తేల్చి చెప్పలేమన్నారు డాక్టరు. అందుకే అడుగుతున్నాను, మీ ఆరోగ్య పేజీలో ఒక వారం చుక్కలు వేసే పద్ధతిని బొమ్మలతో వేయండి. కత్తిరించి మా వీధి మెడికల్ షాపులో నేనే అతికిస్తాను, ఆ అబ్బాయిని అడిగాను, సరేనన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఖమ్మం జిల్లా