భుజం జారితే ఎవరూ లాగొద్దు

అందరికీ నమస్తే, నిన్న కబడ్డీలో మనోడికి భుజం జారితే నలుగురు చేరి చెయ్యి లాగబోయారు కదా, ఇంకెప్పుడూ అలా చెయ్యొద్దు, లోపల ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే తీస్తేగానీ తెలీదు, లాగితే నరం దెబ్బతినొచ్చు.

చెయ్యి ఎలా ఉంటే అలాగే తువ్వాలుతో మెడకి కట్టండి. ఐస్ గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టండి. వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా వెంటనే 108కి కొట్టండి. తాగడానికి ఏం ఇవ్వొద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు (మనోళ్లకి ముందు గోళీసోడానే గుర్తొచ్చుద్ది!).

ఆదివారం పొద్దున 6కి గుంటూరు బీఆర్ స్టేడియం గేటు దగ్గర కలుద్దాం, కట్టు కట్టడం నేర్చుకుందాం, తలా ఒక పాత చున్నీ తెచ్చుకోండి. వచ్చేవాళ్లు శనివారం రాత్రికల్లా ఇక్కడ పేరు పెట్టండి.

కుర్రాళ్లకి ఒకసారి జారిన భుజం మళ్లీ జారడం ఎక్కువ, అందుకే డాక్టర్ ఓకే అనేదాకా వాణ్ణి ఆటకి పిలవొద్దు.

ఐస్ బాక్స్ ఎవరింట్లో ఉందో చెప్పండ్రా బాబూ.