స్టాక్ ఫైల్ ఎక్కడికి పోయింది?

సంపాదకుల వారికి, నమస్కారం.

మా అమ్మాయి నగరంలోనే ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తుంది. పోయిన నెల ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఎవరో ఇంగ్లిషులో పాఠం చెబుతుంటే, తను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటోంది. అదేమిటమ్మా అంటే, "ఆఫీసు కోర్సు నాన్నా, సోమవారం లోపల సర్టిఫికెట్ చూపించాలట" అంది.

ఉద్యోగులకు ఆన్‌లైన్ చదువు అనే ఆలోచనను నేను తప్పుపట్టను. 2020 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఉద్యోగుల శిక్షణ పథకం మిషన్ కర్మయోగిని ఆమోదించినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ని. అయిదేళ్లకు 510.86 కోట్ల రూపాయలు, దాదాపు 46 లక్షల మంది కేంద్ర ఉద్యోగులు అన్నారు. తర్వాత ఆ పథకం ఆన్‌లైన్ వేదిక ఐగాట్‌లోకి రాష్ట్రాల ఉద్యోగులనూ రానిచ్చారు. అంతకుముందు శిక్షణ అంటే జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి సంస్థ నుంచో, రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ (ఎన్‌ఐఆర్‌డీ) నుంచో పిలుపు రావాలి. ముప్పయ్యేళ్ల సర్వీసులో నాకు రెండేసార్లు వచ్చింది. అందులో ఒకటి రిటైర్మెంటుకు ఆరు నెలల ముందు!

నా బాధ వేరు. భూముల ఫైళ్లు చూసే సీట్లలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాణ్ని. మా రోజుల్లో సీటుకో స్టాక్ ఫైల్ ఉండేది. ఆ సీటు పనికి సంబంధించిన జీవోలు, మెమోలు, పైనుంచి వచ్చిన వివరణలు తేదీల వరసలో ట్యాగు వేసి పెట్టేవాళ్లం. బదిలీ అయితే ఛార్జి లిస్టులో అదీ అప్పగించాల్సిందే. కొత్తగా వచ్చినాయన వారం రోజులు తిరగేస్తే సీటు చేతికొచ్చేది. అందరూ శ్రద్ధగా నడిపారని అనను, కొన్ని ఫైళ్లలో చెదలు తప్ప ఏమీ ఉండేవి కావు.

ఇప్పుడు ఆ పని వాట్సాప్ గ్రూపుల్లో జరుగుతోంది. 2020 అక్టోబరు 29న తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. అయిదేళ్లు తిరక్కుండానే చట్టం మారింది, పోర్టల్ మారింది, ఏ అధికారి చేతిలో ఏ పని అన్నదీ మారింది. సందేహం వచ్చిన ఉద్యోగి ఏం చేస్తాడు? "మ్యుటేషన్‌లో (రికార్డులో పేరు మార్పిడిలో) ఇలా వస్తోంది, ఎవరికైనా తెలుసా?" అని గ్రూపులో పెడతాడు. అరగంటలో ఇంకో జిల్లా నుంచి జవాబు వస్తుంది. ఏ కోర్సూ నేర్పనిది అక్కడ నేర్చుకుంటున్నారు, అది నేను కళ్లారా చూశాను. అయితే ఆ జవాబు ఒప్పో తప్పో చూసే నాథుడు లేడు. రెండు రోజుల్లో అది గుడ్ మార్నింగ్ మెసేజీల కింద పడిపోతుంది. ప్రశ్న వెంట రైతు పట్టాదారు పాసుపుస్తకం ఫొటో, ఆధార్ ఫొటో కూడా నూరుమంది ఫోన్లలోకి వెళ్తాయి. ఆ సంగతి రైతుకు తెలియదు.

కర్మయోగిలో ఉద్యోగులు ఒకరితో ఒకరు పరిచయాలు పెంచుకోవడానికి, చర్చించుకోవడానికి కూడా ఏర్పాటు ఉంది. మా అమ్మాయిని అడిగితే అటువైపు ఎప్పుడూ వెళ్లలేదంది. వాళ్ల ఆఫీసు అడిగేది సర్టిఫికెట్ల లెక్క ఒక్కటే మరి.

రాష్ట్ర ప్రభుత్వం శాఖలవారీగా, తెలుగులో, ఇలాంటి చోటు ఒకటి పెట్టాలి. ఎవరైనా అడగొచ్చు, ఎవరైనా చెప్పొచ్చు. కానీ ఆ విషయం తెలిసిన అధికారి ఒకరు జవాబు చూసి, సరిచేసి, తేదీ వేసి ఉంచాలి. రేపు జీవో మారితే పాత జవాబు మీద 'రద్దు' అని పడాలి. జనం పేర్లు, నంబర్లు తీసేశాకే కాగితాలు పెట్టాలి. ఇందుకు వారానికి ఒక గంట ఆఫీసు వేళల్లోనే ఇవ్వాలి. ఆ గంట జనం కౌంటర్ల దగ్గర నిలబడాలా అని అడుగుతారు. సీట్లో ఉన్నాయనకు పని తెలియక ఒకే కాగితం కోసం మూడుసార్లు తిరుగుతున్నది కూడా ఆ జనమే కదా.

నేను రిటైరై నాలుగేళ్లయింది. నా సీటులోకి వచ్చిన మూడో ఆయన ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటాడు. మొన్న ఒక ఇనాం భూమి హక్కు పత్రం (ఓఆర్‌సీ) ఫైలు గురించి, "ఓఆర్‌సీ అప్పట్లో ఏ మెమో ప్రకారం రాశారు సార్?" అని అడిగాడు. నంబరు గుర్తుంది కాబట్టి చెప్పాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సూపరింటెండెంటు,
మల్కాజిగిరి, హైదరాబాద్