పాలమూరు మిత్రులకు, వారి కాలనీవాసులకు కృతజ్ఞతలు

కార్తీకమాసంలో మా అమ్మను వెంటబెట్టుకొని అలంపురం, శ్రీశైలం, నాగార్జునసాగర్ మీదుగా నల్లగొండ వరకు నేనూ, మా ఆవిడా చేసిన సుదీర్ఘ ప్రయాణం క్షేమంగా ముగిసింది. మొన్ననే విజయనగరం చేరుకున్నాం. గుళ్ళలో గడిపిన సమయం కంటే మహబూబ్‌నగర్ శివారులో, భూత్పూర్ వెళ్ళే దారికి దగ్గరగా ఉన్న ఒక కాలనీలో, నాతో బి.ఇడి. చదివిన మిత్రుడి ఇంట్లో గడిపిన సమయమే ఎక్కువ. ఆ దంపతులకూ, ఆ వీధివారికీ ఫోనులో కృతజ్ఞతలు చెప్పబోతే మాట మార్చేస్తున్నారు కాబట్టి, వాళ్ళు అడ్డు తగలలేని చోట, నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

ఒకటి రెండు రాత్రులు ఉండి శ్రీశైలం వెళ్ళిపోదామన్నది మా ఆలోచన. అలంపురానికి మమ్మల్ని తీసుకెళ్ళింది అదే వీధిలో ఉండి కారు నడుపుకొనే ఒక యువకుడు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు అమ్మ కోసం అడగకుండానే కారు నెమ్మది చేశాడు. జోగులాంబ దర్శనం అయ్యాక, బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు తొమ్మిదింటినీ చూసి తీరాలని అమ్మ పట్టుబట్టింది. పేరు బ్రహ్మది, లోపల కొలువున్నది శివుడు, అందుకని ఒక్కటీ వదలకూడదని ఆమె వాదన. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కాపాడి అక్కడికి తరలించి నిలబెట్టిన కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా చూశాకే కారెక్కింది. మర్నాటికి రెండు మోకాళ్ళూ వాచి, కూర్చుంటే లేవలేని, లేస్తే కూర్చోలేని స్థితికి వచ్చింది.

చెప్పుకోవడానికి మొహమాటంగా ఉన్నా చెప్పాలి. మిత్రుడి ఇంట్లో ఉన్నది నేలబారు మరుగుదొడ్డి. ఎనభై దాటిన మనిషికి, ఆ మోకాళ్ళతో, అది ఎంతటి సమస్యో పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళవారికి వివరించనక్కర్లేదు. లాడ్జికి మారిపోదామని మేమిద్దరం గదిలో మెల్లగా మాట్లాడుకుంటుండగానే, ఎదురింటి అన్నదమ్ములు ఒక కమోడ్ కుర్చీని చెరోపక్కా పట్టుకొని వీధి దాటించి తెచ్చారు. అది కాలం చేసిన వాళ్ళ నాన్నగారిదట. డాబా మీద పట్టా కప్పి దాచి ఉంచినదాన్ని కిందికి దింపి, డెటాల్‌తో కడిగి, ఆరబెట్టి, అరిగిపోయిన కాళ్ళకు కొత్త రబ్బరు తొడుగులు కూడా వేసి మరీ పట్టుకొచ్చారు. మేము ఏదో అనబోతే ఆ పెద్దతను, "మీద ఊకనే పడున్నది సార్, అమ్మకు పనికొస్తె మంచిదే కద" అని, మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయాడు. మా అమ్మ ఆ రాత్రి మొదటిసారి ఒకరి సాయం అడగకుండా తన పని తాను చేసుకోగలిగింది. ఆమె ముఖంలో వచ్చిన తెరిపి చూశాక లాడ్జి మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండిళ్ళ అవతల ఉండే నర్సమ్మ డ్యూటీ నుంచి వస్తూ రోజూ బి.పి. చూసి, డాక్టరు రాసిన మందులు ఏవి తిన్నాక వేయాలో, ఏవి ముందో మా ఆవిడకు చెప్పి వెళ్ళేవారు. ఆమెకు కూడా మా నమస్కారాలు.

ఇక మిత్రుడి ఇంటి సంగతి. మేము వచ్చామని వాళ్ళు తమ దినచర్య ఏమీ మార్చుకోలేదు. ఉదయం ఇద్దరూ బడికి వెళ్ళేటప్పుడు ఇంటి తాళంచెవి మా ఆవిడ చేతిలో పెట్టి, పాలవాడు ఎప్పుడొస్తాడో చెప్పి వెళ్ళిపోయేవారు. సెలవు పెట్టి మా ఎదుట కూర్చునుంటే మేము రెండోరోజే బయల్దేరేవాళ్ళం. జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, పల్లీల పచ్చడి, వాళ్ళు ఏది తింటే అదే మాకూ. అమ్మకు మాత్రం రొట్టెను మజ్జిగలో నానబెట్టి ఇచ్చేవారు. సీజను చివరి బాలానగర్ సీతాఫలాలు ఎవరింటి నుంచి వచ్చేవో ఇప్పటికీ తెలియదు, పళ్ళెం మాత్రం ఖాళీ కాలేదు.

ఆ కాలనీకి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున కాసేపే వస్తాయి. సంపులో పట్టుకున్నదే రెండు రోజులకూ. మా అమ్మకేమో రెండు పూటలా స్నానం, మడిబట్ట. నీళ్ళ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒకరోజు మా ఆవిడ దండెం చూసి కనిపెట్టింది, దాని మీద మా బట్టలే ఆరుతున్నాయి. అడిగితే చెల్లెమ్మ, "ఆదివారం ఒక్కపారే ఉతుకుదమనుకున్నం వదినా" అని నవ్వేసింది. కరువులకూ వలసలకూ పేరుపడిన జిల్లాలో పుట్టి, నీటి విలువ తెలిసిన ఇంటివారు మా కోసం అలా సర్దుకున్నారు.

అమ్మ నడవగలిగాక శ్రీశైలం ప్రయాణం కూడా మిత్రుడే ఏర్పాటు చేశాడు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి దారి మూసేస్తారు కనుక, చీకటితో బయల్దేరి జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా గేటు తెరిచే వేళకు చేరేలా లెక్క వేశాడు. కారు నడిపిన యువకుడు డీజిల్‌కు మించి ఒక్క రూపాయి తీసుకోలేదు. నల్లగొండలో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూపించి, మధ్యాహ్నం అన్నం పెట్టి రైలెక్కించిన మిత్రుడి బావగారికీ మా ధన్యవాదాలు.

అమ్మ ఇప్పుడు కర్ర సాయంతో వీధి చివరి దాకా నడుస్తోంది. మామిడితాండ్ర పార్శిల్ ఎదురింటివారి పేరు మీద పంపాను, వీధిలో అందరూ పంచుకోగలరు. వేసవి సెలవులకు మీరందరూ మా ఊరు రావాలి. బడులు మూసేరోజు ముందే చెబితే టికెట్లు నేనే తీస్తాను, స్టేషనుకూ నేనే వస్తాను.