‘షార్ట్ సర్క్యూట్’ అని రాస్తే సరిపోదు, ఎక్కడో చెప్పాలి

సంపాదకుడు గారికి,

అయ్యా,

గత ఆదివారం మీ పేపర్లో నడిరోడ్డు మీద పికప్ బండి తగలబడిన వార్త చివర ‘షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా తేల్చారు’ అని వేశారు. తర్వాత ఇంకేమైనా రాస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. రాలేదు. ఎప్పుడూ రాదు. ఇల్లు కాలినా షార్ట్ సర్క్యూటే, షాపు కాలినా అదే, బండి కాలినా అదే. ఆ మాటతో ఫైలు మూసేస్తారు. ఏ వైరు ఒరుసుకుంది, ఎందుకు ఒరుసుకుంది, ఫ్యూజు ఎందుకు పోలేదు అని అడిగేవాళ్లే లేరు.

ఇంత కోపం ఎందుకంటే, ఆ వార్తలో బండి నాదే కావాల్సింది. మాది టెంట్ హౌస్. పదమూడేళ్ల పాత పికప్ ఉంది. షామియానా గుడ్డలు, కుర్చీలు, జనరేటరు, దాని డీజిలు అన్నీ దాంట్లోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్ నగర్ మీద పడ్డప్పుడు ఏమైందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. బండి సీటు దాకా నీళ్లలో రోజుల తరబడి నానింది. నీళ్లు తీశాక ఆయిళ్లు, ఫిల్టర్లు మార్పించాం. సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయింది. బతికిందనుకున్నాం. వైరింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు, మాకూ తట్టలేదు.

కొన్నాళ్లకి బ్యాక్ లైట్ల ఫ్యూజు పోవడం మొదలైంది. పదిహేను ఆంపియర్ల నీలం ఫ్యూజు. మార్చిన రోజు బాగానే ఉంటుంది, లోడుతో ఏ గుంతలోనో దిగితే టప్‌మంటుంది. ఒక షాపులో చూపిస్తే నీలం తీసి ముప్పై ఆంపియర్ల ఆకుపచ్చది పెట్టారు. అదీ పోయింది. ఇంకో షాపులో రాగి తీగ మడిచి గుచ్చి, ‘ఇక పోదు సార్, టెన్షన్ పడకండి’ అన్నారు. నిజంగానే అది పోలేదు. ఓ రాత్రి పెళ్లి సామానుతో వస్తుంటే క్యాబిన్లో ప్లాస్టిక్ కాలిన వాసన, డాష్‌బోర్డు కింద పొగ. డ్రైవరు కుర్రాడు దూకి బ్యాటరీ టెర్మినల్ పీకేశాడు కాబట్టి సరిపోయింది. వెనక గుడ్డల మీద ఇద్దరు పనివాళ్లు పడుకొని ఉన్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే లోడైనా ఎక్కువై ఉండాలి, లేదా ఎక్కడో కరెంటు దారి తప్పి బండి బాడీకైనా తగులుతుండాలి. వైరు వేడెక్కకముందే తను కాలిపోయి ఆపడానికే ఫ్యూజు. దాని స్థానంలో రాగి తీగ పెడితే కాలాల్సింది వైరే.

చివరికి ఆటోనగర్‌లో ఓ పెద్దాయన దొరికాడు. కాలిన జానెడు ముక్క కోసి కొత్త వైరు వేశాడు. పనైపోయిందనుకొని నేను డబ్బులు తీయబోతే, ‘ఆగు బాబూ, కాలింది ఇక్కడ, రోగం ఇంకెక్కడో’ అన్నాడు. ఫ్యూజు పెట్టాల్సిన రెండు కాళ్లకీ హోల్డరుతో ఇరవై ఒక్క వాట్ల బల్బు తగిలించి లైట్ల స్విచ్ వేయించాడు. బల్బు మసకగా వెలిగింది. మా కుర్రాణ్ణి వెనక డోరు మీద ఎక్కి ఊపమన్నాడు. రెండో ఊపుకే బల్బు ధగ్గుమని వెలిగింది, అంటే వైరు బాడీకి తగిలిందన్నమాట. ‘అక్కడే, కదలకు’ అని అరిచి, ఎడమ లైటు కప్లర్, అంటే వైర్లు కలిపే ప్లగ్గు, పీకాడు, బల్బు తగ్గలేదు. కుడిది పీకాడు, తగ్గలేదు. క్యాబిన్ వెనక ఛాసిస్ (బండి కింది ఇనప చట్రం) మీదున్న కప్లర్ పీకగానే ఆరిపోయింది. అంటే తప్పంతా అక్కణ్నుంచి వెనక లైట్ల దాకా ఉన్న వైరులోనే.

పడుకొని కిందికి దూరాడు. స్టెప్నీ దగ్గర క్లిప్పు ఊడిపోయి, వైరు ఛాసిస్ అంచుకు ఒరుసుకుంటోంది. బియ్యపు గింజంత మేర రాగి బయటపడి ఉంది. కప్లర్ తెరిస్తే లోపల పచ్చగా చిలుము, వరద తాలూకు. కోసి, సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి, కొత్త క్లిప్పు బిగించి, మళ్లీ పదిహేను ఆంపియర్ల ఫ్యూజే పెట్టాడు. మూడు వందలు తీసుకున్నాడు. ఇప్పటిదాకా ఆ ఫ్యూజు పోలేదు.

మరి ఆ రాగి తీగతోనే నా బండి ఫిట్‌నెస్ పాసైంది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండ్లకు ఏటా ఫిట్‌నెస్ చేయించాలని రూలు. డబ్బు కట్టాం, పనులు మానుకొని లైన్లో నిలబడ్డాం. రేడియం స్టిక్కరు చూశారు, నంబరు ప్లేటు చూశారు, పెయింటు వెలిసిందని వంక పెట్టారు. ఫ్యూజు బాక్సు మూత తీసినవాళ్లు లేరు. మూత తీసి చూడటానికి రెండు నిమిషాలు పడుతుందా? అది చేయని తనిఖీకి ఫీజు ఎందుకు, స్టాంపు ఎందుకు? పైగా ఊళ్లో ప్రతి బండికీ ఎల్ఈడీ లైట్లు, నాలుగు రకాల హారన్లు, సౌండు బాక్సులు. అన్నీ ఉన్న వైరునే గీకి, టేపు చుట్టి తగిలించినవే. రోడ్ల సంగతి వేరే రాయాలా? ప్రతి గుంతకూ ఛాసిస్ కింద ఏదో ఒక క్లిప్పు ఊడుతూనే ఉంటుంది.

వరదలో మునిగిన బండ్లు మా పేటలోనే ఎన్నో. అప్పుడు వచ్చిన అధికారులు ఫొటోలు తీసుకున్నారు, ఫారాలు నింపించుకున్నారు. కప్లర్లు విప్పి శుభ్రం చేయించుకోండి, లేకపోతే ఏడాదికైనా షార్ట్ అవుతుంది అని ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు.

ఆ కాలిన బండి ఇంకా ఏ స్టేషన్ పక్కనో పడి ఉంటే, స్క్రాప్‌కి వెళ్లకముందే అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించమని అధికారుల్ని అడగండి. ఫ్యూజు బాక్సులో ఫ్యూజు ఉందో, తీగ ఉందో మీ పేపర్లో వేయండి.

– టెంట్ హౌస్ యజమాని,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ