మందు సీసా మీది అక్షరాలు చదవడం నేర్పినవాళ్లకి

రెండు ఆదివారాలు మాతో కూర్చుని మందుల లేబుళ్లు ఎలా చదవాలో ఓపిగ్గా చెప్పిన ఫార్మసిస్టు మేడమ్ గారికి, పిల్లల డాక్టరు గారికి, ఖాళీ సీసాలూ స్ట్రిప్పులూ సంచీ నిండా మోసుకొచ్చిన ఏఎన్‌ఎం అక్కకి, మా జిల్లాలో ఫోస్టర్ కేర్ పిల్లల్ని, అంటే దత్తత కాకుండా కొంతకాలం సాకమని అప్పగించిన పిల్లల్ని చూసుకుంటున్న కుటుంబాలన్నిటి తరఫున నమస్కారాలు. ఊరికే ధన్యవాదాలు అని రాస్తే మీరు పడిన శ్రమకి సరిపోదు. అందుకే మీరు నేర్పినది నేర్పినట్టు ఇక్కడ పెడుతున్నాం. ఆ రోజుల్లో రాలేకపోయినవాళ్లకి, రేపో మాపో పిల్లల్ని ఇంటికి తెచ్చుకోబోతున్నవాళ్లకి అక్కరకొస్తుంది.

మేడమ్ గారూ, మీరు మొదట చెప్పిన మాటే మాకు అన్నిటికన్నా పనికొచ్చింది. కన్నతల్లికి బిడ్డ ఆరోగ్యం జ్ఞాపకంలో ఉంటుంది. ఏ మందుకి దద్దుర్లొచ్చాయో, ఏ ఏడు ఫిట్స్ వచ్చాయో ఎవరూ అడగక్కర్లేదు. 2024లో సవరించిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఫోస్టర్ కుటుంబాలకి వచ్చేది బాలల సంరక్షణ సంస్థల్లో ఉన్న ఆరేళ్లు పైబడిన పిల్లలు. అంటే ఆరేళ్ల చరిత్ర మనం చూడనిది. బాలసదనం (హోమ్) నుంచి బిడ్డతో వచ్చేది ఒక ఫైలు, ఒక మందుల సంచీ. కాబట్టి ఫైల్లో 'అలర్జీలు' అన్న చోట ఖాళీ ఉంటే దాన్ని 'లేవు' అని చదవకూడదు, 'తెలియదు' అని చదవాలి. డాక్టరు అడిగినా అదే మాట చెప్పాలి. 'లేవండీ' అని నోరు జారితే ఆ మాట కేసు షీటులోకి ఎక్కి, ఆ తర్వాత చూసే ప్రతి డాక్టరూ దాన్నే నమ్ముతారు.

సంచీ అందిన రోజే అక్కడి సిబ్బంది ఎదుట అన్నీ బయటికి తీసి, ఒక్కో మందుకీ నాలుగు ప్రశ్నలు అడగమన్నారు: ఎందుకు ఇస్తున్నారు, ఎప్పుడు మొదలెట్టారు, ఆఖరి మోతాదు ఏ గంటకి వేశారు, ఎప్పటిదాకా వెయ్యాలి. మూడో ప్రశ్న చాలామందికి తట్టదు. పొద్దున హోమ్‌లో వేసిన ఫిట్స్ మందు మధ్యాహ్నం కొత్త ఇంట్లో మళ్లీ వేసేది ఆ ఒక్క ప్రశ్న అడక్కనే.

లేబుల్ మీద కంపెనీ పెట్టిన పేరు కాదు, మందు అసలు పేరు చూడాలి. ఒకే మందు పదుల కంపెనీ పేర్లతో దొరుకుతుంది. హోమ్ నుంచి ఒక పేరుతో వచ్చిన పారాసెటమాల్, కొత్త డాక్టరు రాసిన ఇంకో పేరు పారాసెటమాల్, జన్ ఔషధి షాపులో కొన్నది మూడోది. మూడు సీసాలు, మూడు రంగులు, లోపలిది ఒకటే. ఒకటి రెండు మందులున్న వాటికి అసలు పేరు కంపెనీ పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలని 2018లో నిబంధన వచ్చింది. మూడు, అంతకన్నా ఎక్కువ మందులు కలిపినవాటికి అది వర్తించదు, అందుకే వాటి దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. జలుబు సిరప్పుల్లో చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. జ్వరం సిరప్పూ జలుబు సిరప్పూ రెండూ పోస్తే పిల్లకి రెండింతలు పడుతుంది. కాలేయం దెబ్బతినేది ఇలాగే. పైగా మొదటి రోజు పిల్ల హుషారుగానే కనిపించవచ్చు. ఎక్కువ పడిందని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117 మా అందరి ఫ్రిజ్‌ల మీదా అంటించాం.

డాక్టరు గారు బోర్డు మీద వేసి చూపించిన లెక్క ఇది. పారాసెటమాల్ కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మోతాదుకీ మోతాదుకీ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు, రోజుకి నాలుగుసార్లు దాటకుండా. ఇరవై కిలోల పిల్లకి ఒకసారికి 200 నుంచి 300 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే 10 మిల్లీలీటర్లు పోస్తే 240. అదే కంపెనీ అదే బొమ్మతో అమ్మే 250 సిరప్ అయితే 5 మిల్లీలీటర్లు చాలు. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. అంటే చంటిపిల్లల చుక్కల మందు 'చిన్నపిల్లలది కదా, తక్కువే ఉంటుంది' అనుకుని 5 మిల్లీలీటర్లు పోస్తే 500 వెళ్లిపోతుంది. సీసా చిన్నదైనకొద్దీ మందు చిక్కన అని మీరన్న మాట మా ఇళ్లలో నానుడైపోయింది. అందుకే ఇప్పుడు మా చార్టుల్లో 'ఒక మూత' అని ఎవరూ రాయడం లేదు. మిల్లీగ్రాములూ మిల్లీలీటర్లూ రెండూ రాస్తున్నాం. బరువు కూడా ఫైల్లో ఉన్నది కాకుండా మళ్లీ తూచాకే. సంస్థ నుంచి ఇంటికొచ్చిన పిల్లలు మూడు నెలల్లో కిలోలకి కిలోలు పెరగడం మామూలే.

వంటింటి చెంచా వద్దు. ఒక్కో ఇంటి చెంచా ఒక్కో కొలత. సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజి మందుల షాపులో కొన్ని రూపాయలకే దొరుకుతుంది. మందు నాలుక మధ్యలోకి కాకుండా బుగ్గ లోపలి వైపు నెమ్మదిగా వదిలితే పొలమారదు.

పొడి సిరప్ కలపడం మీద అక్క అరగంట పెట్టినందుకు ప్రత్యేకంగా దణ్ణాలు. అమాక్సిసిలిన్–క్లావులనేట్ లాంటి యాంటీబయాటిక్‌లు పొడిగా వస్తాయి. ముందు మూత తియ్యకుండా సీసాని అరచేతికేసి తట్టి పొడి గడ్డలు విడగొట్టాలి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు, లేదా దాంతోపాటు వచ్చిన నీళ్లు, సగం దాకా పోసి బాగా కుదపాలి. నురగ దిగేదాకా ఆగాలి. ఆ తర్వాతే సీసా మీది గీత వరకు పోసి మళ్లీ కుదపాలి. ఒకేసారి గీత దాకా పోస్తే పొడి తడిసి కిందికి దిగి మట్టం పడిపోతుంది. మందు చిక్కనై మోతాదు పెరుగుతుంది. వేడి నీళ్లు పోస్తే మందే పాడవుతుంది. కలిపిన తేదీ పెన్నుతో సీసా మీద రాయాలి. ఈ మందుని ఫ్రిజ్‌లో పెట్టి ఏడు రోజుల్లో వాడెయ్యాలి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. పొడిగా ఉన్నప్పటి గడువు తేదీ డబ్బా మీద వచ్చే ఏడాదిదే ఉండొచ్చు, కలిపాక దాంతో సంబంధం లేదు. వాడే ప్రతిసారీ కుదపాలి. లేకపోతే మొదటి రోజుల్లో పల్చని మందు, చివరి రోజుల్లో చిక్కని మందు పడుతుంది. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ సస్పెన్షన్‌కి ఇది మరీ ముఖ్యం.

మాత్ర పేరు పక్కనుండే చిన్న అక్షరాల సంగతి మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. 'డీటీ' అంటే నీళ్లలో కరిగించి పట్టేది. 'ఎస్‌ఆర్', 'సీఆర్', 'ఈఆర్', 'ఎక్స్‌ఆర్' అంటే మందు గంటల తరబడి కొంచెం కొంచెంగా వదిలేలా చేసినది. పిల్లాడు మింగలేడని దాన్ని నూరితే రోజంతా రావాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. 'ఈసీ' అంటే కడుపులో కరగకుండా పేగుల్లో కరిగే పూత, నూరితే ఆ పూత పోతుంది. మింగలేని పిల్లకి ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్ మాత్ర నూరే బదులు సిరప్ రాయించుకోమన్నారు. అడిగితే డాక్టర్లు రాస్తారు. మనమే అడగం.

డాక్టరు గారి చీటీలో 'ఓడీ' రోజుకొకసారి, 'బీడీ' రెండుసార్లు, 'టీడీఎస్' మూడుసార్లు, 'హెచ్ఎస్' పడుకునే ముందు. 'ఎస్‌ఓఎస్' అవసరమైతేనే. అది కనిపిస్తే మాత్రం కుర్చీలోంచి లేవకముందే అడగాలి: ఏ లక్షణానికి, ఎన్ని గంటల ఎడంతో, రోజుకి మహా అయితే ఎన్నిసార్లు? నిద్రపట్టని కొత్త బిడ్డకి ఎస్‌ఓఎస్ రాసి ఉన్న అలర్జీ మందుని నిద్రమందులా వాడటం తప్పని మీరు గట్టిగానే చెప్పారు. గట్టిగా చెప్పాల్సిన మాటే. కొత్త ఇంట్లో నిద్ర రాకపోవడానికి కారణం భయం.

ఇక ఎర్ర గుర్తులు. ఎడమవైపు నిలువునా ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా వాడకూడదని అర్థం. యాంటీబయాటిక్ మిగిలినా దాచకూడదు, పక్కింటి పిల్లకి ఇవ్వకూడదు. ఎర్ర గడిలో షెడ్యూల్ హెచ్1 (మందుల నిబంధనల్లోని ఒక జాబితా) అని హెచ్చరిక ఉంటే షాపువాళ్లు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసుకోవాలి. వాళ్లు అడిగితే విసుక్కోకండి. 'ఎక్స్‌ఆర్‌ఎక్స్' ఉన్నది షెడ్యూల్ ఎక్స్, ఇంకా కట్టుదిట్టమైన జాబితా. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని, అతిచురుకుదనం సమస్యకి) ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ ఇందులోదే. దీనికి చీటీ రెండు ప్రతులు కావాలి, ఒకటి షాపు దగ్గరే ఉంటుంది. ప్రత్యేక లైసెన్సున్న షాపులే అమ్ముతాయి. కాబట్టి నిండుకున్నాక వెతకడం మొదలెడితే దొరక్కపోవచ్చు, పది రోజుల మందు ఉండగానే చీటీ రాయించుకోవాలి. సాయంత్రం ఇస్తే రాత్రి నిద్ర పట్టదు, ఆకలి తగ్గుతుంది. అందుకే పొద్దున కడుపు నిండా టిఫిను పెట్టి ఇవ్వమన్నారు. బరువు నెలనెలా రాయాలి. ప్రవర్తన సమస్యలకి ఇచ్చే రిస్పెరిడోన్ వాడే పిల్లలకీ రాయాలి, కాకపోతే అక్కడ భయం బరువు పెరగడం గురించి.

'ఇన్ని మందులు ఎందుకు, మా ఇంట్లో ప్రేమ చాలు' అని ఎవరైనా ఆపేస్తే ప్రమాదం. ఫిట్స్ మందులు, ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడ్లు, క్లోనిడిన్ (ఏడీహెచ్‌డీకి కూడా వాడే రక్తపోటు మందు) ఉన్నట్టుండి ఆపకూడదు. ఫిట్స్ మందు ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి, క్లోనిడిన్ ఆపితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మందు మరీ ఎక్కువనిపిస్తే డాక్టరుని అడిగే హక్కు ఫోస్టర్ తల్లిదండ్రులకి ఉంది. తగ్గించడం మాత్రం ఆయన చెప్పిన మెట్ల ప్రకారమే. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు వెయ్యకూడదన్నది కూడా చార్టు అడుగున రాసుకున్నాం.

దగ్గు సిరప్ గురించి సందేహం తీర్చినందుకు కృతజ్ఞతలు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్‌వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ వల్ల పిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, అయిదేళ్లలోపు వాళ్లకి మామూలుగా సిఫారసు చెయ్యకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు సిరప్ నాలుగేళ్లలోపు వాడకూడదని లేబుల్ మీదే ఉండాలి. జ్వరానికీ నొప్పులకీ వాడే నిమెసులైడ్ పన్నెండేళ్లలోపు పిల్లలకి 2011 నుంచి నిషేధం. పాత సంచుల్లో కనిపిస్తే పక్కన పెట్టండి. వానాకాలం జ్వరానికి డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్, మెఫెనామిక్ ఆసిడ్ జోలికి పోవద్దన్నారు. రక్తస్రావం పెరుగుతుంది.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద సోడియం క్లోరైడ్ 2.6, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములని ఉందా చూడాలి. అది లీటరు నీళ్లకి కొలత. సగం ప్యాకెట్ సగం లీటరులో కలపడం వద్దు. చిన్నది కావాలంటే 200 మిల్లీలీటర్ల ప్యాకెట్ విడిగా దొరుకుతుంది. తియ్యటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడొద్దని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. దానికోసం ఏళ్ల తరబడి పోరాడిన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారికి కూడా ఇక్కడే చేతులెత్తి నమస్కారం.

లేబుల్ బిడ్డ రహస్యం కూడా అన్నారు మీరు. మందు పేరు చూస్తే జబ్బు తెలిసిపోతుంది. చీటీ ఫోటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో 'ఇది దేనికి?' అని పెడితే బిడ్డ పేరూ జబ్బూ ఊరంతా తిరుగుతాయి. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ సంరక్షణలోని పిల్లల వివరాలు బయటపెట్టడాన్ని నిషేధించింది. బడిలో మధ్యాహ్నం మోతాదు వెయ్యాల్సి వస్తే టీచరుకి మందు, మోతాదు, టైము, ఏం జరిగితే ఫోను చెయ్యాలో చెబితే చాలు. హెచ్‌ఐవీ మందుల విషయంలో 2017 చట్టం కూడా ఉంది.

స్ట్రిప్ కత్తిరించేటప్పుడు తేదీ ఉన్న అంచు మిగిలేలా కత్తిరించమని షాపులో అడగడం మొదలెట్టాం. 05/2027 అని ఉంటే మే నెలాఖరు దాకా పనికొస్తుంది. బిడ్డ సెలవులకి కన్నవాళ్ల దగ్గరికి వెళ్లినా, వేరే ఇంటికి మారినా మాత్రలు కాగితంలో పొట్లం కట్టి పంపం. అసలు స్ట్రిప్పులు, చీటీ, ఆఖరి మోతాదు టైము రాసిన చార్టు కలిపి పంపుతాం.

అక్కా, మాకు నేర్పడానికి తెచ్చిన ఆస్తమా స్పేసర్లు (ఇన్‌హేలరుకి తగిలించే ప్లాస్టిక్ గొట్టాలు) రెండూ సోమవారం ఆఫీసుకి పంపుతున్నాం. గోరువెచ్చని సబ్బు నీళ్లలో ముంచి తీసి, మీరు చెప్పినట్టే గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాం. తుడిస్తే ప్లాస్టిక్‌కి విద్యుదావేశం పట్టి మందు గోడలకే అంటుకుపోతుందన్నారు కదా.